రాజనర్సయ్య గారి కాలికింద పరీక్ష

రాజనర్సయ్య గారు ఏ వస్తువు చేతికి వచ్చినా ముందు తిరగేసి దాని అడుగున, కాలికింద చూస్తారు. చూసిన తరువాత ఒక రోజు ఆగుతారు. ఆ తరువాతే అసలు పనికి పూనుకుంటారు. ఆయన గురించి చెప్పవలసిన ముఖ్య విషయం ఇదొక్కటే. మిగిలినదంతా దీనికి సాక్ష్యం. నేను చూసినవాటిని చూసినట్టుగా, విన్నవాటిని విన్నట్టుగా వేరుచేసి చెబుతాను. ఆయన విషయంలో ఈ జాగ్రత్త అవసరం. ఎందుకంటే నమ్మశక్యంగా లేని సంగతులే ఎక్కువగా నేను కళ్లారా చూసినవి.

మాసబ్ ట్యాంక్‌లోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో పెద్ద ఉద్యోగం చేసి విరమించిన ఆయన, భార్య భూలక్ష్మి గారితో మధురానగర్‌లోని మా అపార్ట్‌మెంటులోనే ఉండేవారు. వాళ్ల హాల్లో సోఫా ఉండవలసిన చోట అద్దాల బీరువాలు ఉండేవి. వాటి నిండా పాత ప్లాస్టిక్ బొమ్మలు. ఒకప్పుడు టూత్‌పేస్టు డబ్బాలో ఉచితంగా వచ్చిన వేలెడంత జంతువులు, కీ ఇస్తే కదిలే కార్లు, పడుకోబెడితే కళ్లు మూసుకునే పాపలు, తల తప్ప ఏమీ మిగలని ఒక సైనికుడు. మేము వెళితే గోడవారగా కుర్చీల్లో ముడుచుకుని కూర్చునేవాళ్లం. ఏనుగులూ జిరాఫీలూ విశాలంగా, హాయిగా ఉండేవి.

అవి సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల కోసం జిల్లాలకు జిల్లాలు అమీర్‌పేటకు తరలివస్తున్న సంవత్సరాలు. మైత్రీవనం చుట్టుపక్కల ఖాళీ గోడ కనిపిస్తే చాలు, మర్నాటికి దానిమీద ఒక కోర్సు పేరు వెలిసేది. కుర్రవాళ్లు ఒక చేత్తో దోసె తింటూ మరో చేత్తో జావా పుస్తకం తిప్పేవారు. పంజాగుట్ట చౌరస్తాలో ఎర్రదీపం పడితే, ఈ లోపల ఒక పాఠం అయిపోయేదే అని బాధపడేవారు. అంత పరుగుకు కూతవేటు దూరంలో ఒక పెద్దమనిషి జిరాఫీ కాలికింద తడి దూది అద్ది, దాన్నే చూస్తూ కూర్చునేవాడంటే ఇప్పటివారు నమ్మరు. నేను చూశాను గనుక చెబుతున్నాను.

మొదటిసారి చూసినది ఒక ఏనుగుతో. బొటనవేలంత ఉంటుంది, మట్టి పేరుకుపోయి నల్లగా ఉంది. నీటిరంగులు వేసే మెత్తటి కుంచెతో ముందు పొడిదుమ్ము దులిపారు. దుమ్ము మీద నీళ్లు పోస్తే అది బురదై సందుల్లోకి దిగుతుందట. తరువాత గోరువెచ్చని నీళ్లలో ఒక్క చుక్క సబ్బు కలిపి, దూది చుట్టిన పుల్లను ముంచి, ఏనుగును తిరగేసి, ఎవరి కంటా పడని పాదం అడుగున అద్దారు. దూదిని కిటికీ వెలుతురుకు పట్టి చూశారు. రంగు అంటలేదు. ఇక కడుగుతారని నేను కుర్చీ ముందుకు జరుపుకున్నాను.

"జర ఆగుండ్రి వకీల్ సాబ్," అన్నారు. "రేపు చూద్దాం."

కొన్ని రంగులు తడికి వెంటనే కరగవట. లోపల్లోపల మెత్తబడి, మర్నాడు పెచ్చులుగా లేస్తాయట. మర్నాడు వెళ్లాను. వెళ్లకుండా ఉండలేకపోయాను. చెవి వెనక, తొండం ముడతల్లో, తోక మొదట్లో, ఆయన దూదిపుల్ల ఎక్కడికి వెళ్లినా ఊపిరి బిగబట్టి చూశాను. చివరికి మెత్తటి గుడ్డతో తడి అద్ది నీడలో ఆరబెట్టినప్పుడు ఆ ఏనుగు లేత నీలం రంగులో బయటపడింది. దాని పాదాలకు గోళ్లున్నాయి. అంత చిన్న ఏనుగుకు ఎవరో గోళ్లు కూడా చెక్కారని, ఇన్నేళ్ల మట్టి కింద అవి చెక్కుచెదరకుండా ఉన్నాయని తెలిసి, నేను వాటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టాను.

వేడినీళ్లు, థిన్నరు, గోళ్లరంగు తీసే ద్రవం, బ్లీచింగ్ పొడి, మండుటెండ. ఆయన శిక్షాస్మృతిలో ఇవన్నీ నేరాలే. అన్నిటికన్నా ఘోరమైనది, పోయిన చోట మళ్లీ రంగు వేయడం. "దుమ్ము తియ్యొచ్చు. వయసు తియ్యొద్దు. రంగు మాత్రం ఎయ్యనే ఎయ్యొద్దు," అనేవారు. ఈ మూడో మాట చెప్పేటప్పుడు గొంతు కొంచెం తగ్గేది, పిల్లల ముందు చెప్పరాని సంగతి చెబుతున్నట్టు.

ఈ పద్ధతి బొమ్మల దగ్గర ఆగి ఉంటే మాకెవరికీ ఇబ్బంది ఉండేది కాదు. అపార్ట్‌మెంటుకు రంగు వేయించాలని నేను అధ్యక్షుడిగా ఉన్న సంక్షేమ సంఘం తీర్మానించినప్పుడు, ఆయన ముందు నీళ్లట్యాంకు వెనక చాపంత మేర వేయించి, ఒక వానాకాలం ఆగమన్నారు. ఆగాం. పక్క అపార్ట్‌మెంటువారు ఆగలేదు. వాళ్లు గులాబీరంగులో వెలిగిపోతుంటే మేము తలలు వంచుకుని తిరిగాం. వానలు వెలిసేసరికి వాళ్ల గులాబీ అంతా కాలువలో కలిసి మధురానగర్ చివరిదాకా పారింది. ఆ కాలువ నేను చూశాను. దానిలో దిగిన బాతు గులాబీ రంగులో పైకి వచ్చిందన్నది మాత్రం విన్న మాట.

భూలక్ష్మి గారి ఫిర్యాదు ఇంకా పాతది. "పెండ్లిచూపులకొచ్చినప్పుడు నా మొఖం సక్కగ చూడలే," అని ఒకసారి చెప్పారు. "మా ఇంటి వెనకకు పోయి పెరడు చూసొచ్చిండు. రేపు చెప్త అని లేచిపోయిండు. మా నాయన తెల్లార్లు నిద్రపోలే."

"పెరడు మంచిగున్నది," అన్నారు రాజనర్సయ్య గారు, చేతిలోని బొమ్మ మీదనుంచి చూపు తిప్పకుండా. "ముందటి వాకిలి అందరు ఊడుస్తరు."

దినేశ్ అని, అమీర్‌పేటలో జావా పాఠాలు చెప్పే యువకుడు, ఆదివారం సంతలో ఒక పాత రోబో కొన్నాడు. ఒకప్పుడు తెల్లగా ఉండేదట, పసుపుపచ్చగా మారింది. స్నేహితులను వెంటబెట్టుకుని వచ్చి, ఆ పూటకే తెల్లగా కావాలని, బ్లీచింగ్‌లో ముంచితే అయిపోతుందని ఎవరో చెప్పారని అన్నాడు.

"ముంచితె తెల్లగైతది," అని ఒప్పుకున్నారు రాజనర్సయ్య గారు. "ఎనక నువ్వు గట్టిగ తుమ్మితె ఇరుగుతది సుత. నీకు తెలుపు గావాల్నా, రోబో గావాల్నా?"

దినేశ్ స్నేహితుల వైపు చూసి, రోబోయే కావాలన్నాడు.

"అయితే ఇడిసిపెట్టి పో. రేపు రా."

మర్నాడు అది పసుపుపచ్చగానే, కానీ మెరుస్తూ, ప్రతి మరా కనిపిస్తూ తిరిగి వెళ్లింది. మంచి వస్తువేనా అని దినేశ్ అడిగితే, మంచిగున్నదనే చెప్పి పంపారు.

ఇక నేను ముఖ్యంగా చెప్పదలచిన సంగతికి వస్తాను.

రెండో అంతస్తులోని హైమవతి గారిది రాజమండ్రి వైపు కుటుంబం. దసరాకు బొమ్మల కొలువు తీర్చేవారు. మెట్ల మీద దేవుళ్లు, కొట్టు పెట్టుకున్న చెట్టియార్లు, పెళ్లిబృందాలు ఎన్ని ఉన్నా, నడిమెట్టు మీద ఒక ప్లాస్టిక్ బ్యాండు మేళానిదే పెద్దరికం. ఎర్రకోట్లు, నల్లబూట్లు, నల్లమీసాలు. అది ఆమె అత్తగారు జానకీదేవి గారు ఎప్పుడో ఎగ్జిబిషన్‌లో కొన్నది. ఆ మహాతల్లి పోయి చాలాకాలమైనా గోడమీది ఆమె ఫొటో ఎదుట హైమవతి గారు కుర్చీలో వెనక్కి వాలేవారు కారు. దాన్నిబట్టి ఆ అత్తగారి పరిపాలనను ఊహించుకోవచ్చు.

ప్రతి ఏడూ కొలువుకు ముందు ఆ బ్యాండు మూడో అంతస్తులోని రాజనర్సయ్య గారింటికి వచ్చి, ఒక రోజు ఉండి, శుభ్రపడి వెళ్లేది. అందరి ముఖాలూ తడి దూదితో తుడిచే రాజనర్సయ్య గారు డోలువాడి ముఖాన్ని మాత్రం పొడికుంచెతో దులిపి వదిలేసేవారు. ఎందుకని అడిగితే, "వాడు నీళ్లకు బెదురుతడు," అన్నారు. వింతమనిషి వింతమాటగా లెక్కవేసి ఊరుకున్నాను.

ఆ ఏడు హైమవతి గారింటికి కొత్తకోడలు వచ్చింది. పేరు హైందవి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, చురుకైన పిల్ల. పండగకు ముందు అత్తగారు రాజమండ్రి వెళ్లారు. తిరిగి వచ్చేసరికి కొలువుబొమ్మలన్నీ తళతళలాడుతూ ఉండాలని, ఆమె సంతోషించాలని ఈ పిల్ల అనుకుంది. పుట్టింట్లో పండగకు ముందు ఇత్తడి దేవుళ్లను ఎలా తోముతారో అలాగే, చింతపండు నానబెట్టి, ఇత్తడి తోమే పొడి తీసి, మొదట డోలువాణ్ని పట్టుకుంది.

మేము మూడో అంతస్తులో టీ తాగుతుండగా తువ్వాలులో ఏదో చుట్టుకుని పరుగున పైకి వచ్చింది.

"అంకుల్, మీసం పోయింది," అంది.

"ఎవలది బిడ్డా?" అన్నారు భూలక్ష్మి గారు వంటింట్లోంచి, కంగారుగా.

హైందవి తువ్వాలు విప్పింది. చింతపండు పిప్పి మధ్యలోంచి డోలువాడు బోడిమూతితో మమ్మల్ని చూశాడు. బ్యాండులో పనిచేసేవాడిలా లేడు. పరీక్ష తప్పిన పిల్లవాడిలా ఉన్నాడు. నవ్వు వచ్చింది గానీ ఆ అమ్మాయి ముఖం చూశాక ఆగిపోయింది.

"అత్తయ్యగారు రేపొద్దున దిగుతారు," అంది. "ఇది వాళ్ల అత్తగారిదట. మిగతావన్నీ దులుపు గానీ డోలువాడి జోలికి మాత్రం వెళ్లకమ్మా అని ఫోన్లో కూడా చెప్పారు. అంత ఇష్టమైతే ముందు వాణ్నే మెరిపించి చూపిద్దామనుకున్నాను. నాకు ఈ ఇంట్లో ఇదే మొదటి పండగ అంకుల్. ఇంక నేనేం ముట్టుకున్నా అందరికీ ఈ మీసమే గుర్తొస్తుంది."

రాజనర్సయ్య గారు ఆమెను ఒక్క మాట అనలేదు. డోలువాణ్ని తిరగేసి బూట్ల కింద చూశారు. సందుల్లో ఇరుక్కున్న పొడిని కుంచెతో, గోరువెచ్చని నీటితో ఎంత నెమ్మదిగా తీశారంటే, నిద్రపోతున్న పసివాడి చెవి తుడుస్తున్నట్టుంది. పొడి గరుకుకు చెంప మీద సన్నటి గీత పడింది. దానికి మందు లేదన్నారు. మీసం సంగతి ఎత్తలేదు. నల్లరంగుతో ఒక గీత గీస్తే సరిపోతుంది కదా అని నేనన్నాను. దొంగసాక్షిని బోనెక్కించమన్నట్టుగా నావైపు చూశారు.

"ఎవలకన్న చెప్పినవా?" అని హైందవిని అడిగారు.

"లేదంకుల్."

"చెప్పకు. రేపు చూద్దాం."

"రేపే కదా ఆవిడ వచ్చేది."

"గందుకే రేపు."

మర్నాడు పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని రెండో అంతస్తుకు దిగారు. అరచేతిలో డోలువాడు. హైమవతి గారు అప్పుడే ప్రయాణం నుంచి వచ్చి కాఫీ తాగుతున్నారు. కొలువుమెట్లు సర్దడానికి సాయం వచ్చిన పొరుగువారు కొందరున్నారు. తలుపు పక్కన హైందవి, గోడలో కలిసిపోవాలని చూస్తున్నట్టు నిలబడింది. రాజనర్సయ్య గారు బొమ్మను టీపాయి మీద పెట్టి చేతులు వెనక్కి కట్టుకున్నారు.

"తప్పయింది చెల్లెమ్మా. నా చేతులనే పోయింది వీని మీసం. అడుగున చూడకుంట నీళ్లు పెట్టిన."

నేను జీవితంలో ఎన్నో వాంగ్మూలాలు విన్నాను. తప్పు చేసి చేయలేదన్నవారి లెక్క లేదు. చేయని తప్పును ఇంత శుభ్రంగా, ఇంత పొందికగా తనమీద వేసుకున్న మనిషిని అంతకుముందు చూడలేదు. అదీ ఎలాంటి తప్పు. వంటమనిషి అన్నం వండటం మరిచిపోయానన్నట్టు. అడుగున చూడకుండా ఆయన నీళ్లు కూడా తాగరు. గ్లాసు తిరగేసి చూసే మనిషి. ఆయనకున్న పేరుప్రతిష్ఠలన్నీ ఆ ఒక్క అలవాటు మీద నిలబడినవే. వాటిని ఆ బొమ్మ పక్కనే టీపాయి మీద పెట్టేసి, తేలిగ్గా నిలబడ్డారు. పొరుగువారిలో ఇద్దరు ముగ్గురికి ఉన్నట్టుండి ఇంట్లో అత్యవసరమైన పనులు గుర్తుకొచ్చాయి. మిగిలినవారు వాళ్లతో పాటే వెళ్లారు. లిఫ్టు కోసం కూడా ఆగలేదు. వార్త మెట్ల మీదుగానే దిగింది.

హైమవతి గారు డోలువాణ్ని చేతిలోకి తీసుకున్నారు. చాలాసేపు చూశారు.

"ఏం పెట్టారన్నయ్యగారూ?" అన్నారు చివరికి. "ఉత్త నీళ్లేనా?"

"ఉత్త నీళ్లే."

ఆమె గోడమీది ఫొటో వైపు ఒకసారి చూశారు. తరువాత, నేను చూస్తుండగా మొట్టమొదటిసారి, ఆ ఫొటో ఎదుట కుర్చీలో వెనక్కి వాలారు.

"అయితే మీరు పాడుచేసిందేమీ లేదండీ. అసలు మీసం నా చేతిలో ఎప్పుడో పోయింది. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు, అత్తయ్యగారు మెచ్చుకుంటారని, ఇత్తడి దేవుళ్లతో పాటు వీణ్ని కూడా చింతపండు వేసి తోమేశాను. బుగ్గలు కందిపోయేలా తోమాను. మీసం కాస్తా ఊడింది. ఆవిడ మధ్యాహ్నం కునుకు తీస్తుంటే నల్ల తిలకంతో గీసేశాను. ఆవిడ పోయేదాకా కనిపెట్టలేదు. ఏటా కొలువు పెట్టినన్ని రోజులూ నాకు గుండె దడే."

గోడ దగ్గరనుంచి సన్నటి గొంతు వినిపించింది.

"అత్తయ్యా, అంకుల్ కాదు. నేను. చింతపండుతోనే."

హైమవతి గారు కోడలి వైపు చూశారు. డోలువాడి వైపు చూశారు. మళ్లీ కోడలి వైపు చూశారు. నవ్వడం మొదలుపెట్టారు. కాఫీ గ్లాసు ఆమె చేతిలోంచి తీసి నేను పక్కన పెట్టవలసి వచ్చింది. "ఈ ఇంటికి వచ్చే కోడళ్లందరి చేతా వీడు ఇలా తోమించుకుంటాడేమిటే," అన్నారు కళ్లు తుడుచుకుంటూ. హైందవి కూడా నవ్వింది, సగంలో ఏడ్చింది, మళ్లీ నవ్వింది.

కొత్తమీసం కోడలే పెట్టాలని అత్తగారు తీర్పు చెప్పారు. హైందవి పరుగున వెళ్లి తన ఐలైనర్ తెచ్చింది. రాజనర్సయ్య గారు దాన్ని తిరగేసి అడుగున ఉన్న సన్నటి అక్షరాలు చదివి వెనక్కి ఇచ్చేశారు. అది నీళ్లకు పోదట, కాబట్టి పనికిరాదట. భూలక్ష్మి గారి అలమరాలోంచి పాతకాలపు నల్ల తిలకం సీసా తెప్పించారు. బూటు కింద ఒక చుక్క పెట్టి చూశారు. ఒక రోజు ఆగాలి గానీ, కొలువు సాయంత్రమే. "ఇయ్యాల్టికి పోనియ్యుండ్రి," అన్నారు. ఆయన నోట ఆ మాట నేను విన్నది ఆ ఒక్కసారే.

మెట్లెక్కుతూ అడిగాను, ఆ మీసం తిలకమని ఆయనకు ముందే తెలుసా అని.

"మొదటి ఏడే తెలిసింది వకీల్ సాబ్. బూటు కింద నలుపు కదలలే. మీసం అంచు నలుపు దూదికంటింది. రెండు నలుపులు ఒక్కటి గావు."

"ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"ఎవలకు చెప్పాలె? పెట్టినామెకు తెలుసు. పెట్టించుకున్నోడు చెప్పడు."

రంగు వేయరాదన్న నియమం ఏమైందని నిలదీశాను. వదిలిపెట్టే ఉద్దేశం నాకు లేదు. తిలకం రంగు లెక్కలోకి రాదని, నీళ్లతో పోయేదాని వల్ల బొమ్మకు నష్టం లేదని సమాధానం చెప్పి, రెండు మెట్లెక్కి ఆగారు.

"నేను రేపు రమ్మనేది రంగుల కోసం ఒక్కటే గాదు. బొమ్మను తిరగేస్తె కింద ఏం బయటపడుతదో తెల్వదు. అతుకుంటది, నకిలీ ఉంటది. బొమ్మగల్లోళ్లు ఎదురుంగ నిలవడి ఉంటె, పదిమంది చూస్తుంటె, వాళ్ల మొఖం ఏం గావాలె? ఇంటికి పొమ్మంటె నేనొక్కణ్ణే చూస్త."

అప్పుడు దినేశ్ రోబో గుర్తుకొచ్చి అడిగాను. దాని ఎడమచెయ్యి వేరే బొమ్మదట. ఆ సంగతి దినేశ్‌కు చెప్పారట, కానీ వారం తరువాత, స్నేహితులు లేకుండా ఒంటరిగా దొరికినప్పుడు. నేను సాక్ష్యాలను అటూ ఇటూ తిప్పి చూసుకున్నాను. మేమంతా ఇన్నేళ్లూ చాదస్తమని నవ్వుకున్న ఆ ఒక్క రోజు ఆలస్యంలో ఎంతమంది పరువు భద్రంగా ఉండిపోయిందో తేల్చడం నా వల్ల కాలేదు.

మెట్లు దిగిన వార్తలో మాత్రం మొదటి సగమే ఉంది. రాజనర్సయ్య గారు బొమ్మ పాడుచేశారట అని ఆ సాయంత్రానికి మధురానగరంతా తెలిసింది. కొందరు తమ బొమ్మలు వెనక్కి పట్టుకెళ్లారు. కడిగిన దూదిపుల్ల ఆరబెట్టుకుంటూ ఆయన వాళ్లందరికీ టీ ఇప్పించారు. అసలు సంగతి నేను చెబుతానంటే, "ఆ పిల్ల సంగతి సుత చెప్పాల్సొస్తది. ఉండనియ్యుండ్రి," అని ఊరుకున్నారు. సంక్షేమ సంఘం అధ్యక్షుణ్ని గనుక ఆయన ప్రతిష్ఠను కాపాడవలసిన బాధ్యత నాది. దాన్ని కాపాడుకోవడానికి ఆయనే ఒప్పుకోలేదు.

కొలువుకు నేనూ వెళ్లాను. శనగల పొట్లాం చేతిలో పెట్టి హైమవతి గారు నన్ను నడిమెట్టు ముందు నిలబెట్టారు. హైందవి పెట్టిన డోలువాడి మీసం కుడివైపు కొంచెం ఎక్కువగా పైకి లేచింది. మిగిలిన బ్యాండంతా జానకీదేవి గారి కాలంనాటి గాంభీర్యంతో నిటారుగా చూస్తోంది. డోలువాడొక్కడే ముసిముసిగా నవ్వుతున్నాడు.